ఒక బార తాడు

పాలకాయతిప్ప,
22 ఫిబ్రవరి 2006.

అన్నయ్యకి,

హైదరాబాదు నుంచి ఇంటికొచ్చి నాలుగు రోజులైంది. రాగానే రాద్దామనుకున్నాను, చూడ్డానికి వచ్చినవాళ్ళు కదిలితేగా! ఊళ్ళో ఆడవాళ్ళంతా వరసగా వచ్చి "ఏదమ్మా, కోత చూపించు" అని కూర్చుంటున్నారు. చూపించడానికి ఏముంది? కుడి రొమ్ము కింద నాలుగు బెజ్జాలు, ఒక్కోటీ చొక్కా బొత్తాం పట్టేంత. తొడ దగ్గర ఇంకో చిన్న కోత. "గుండెలో బొక్క పూడ్చింది వీట్లోంచేనా? ఆ మరమనిషి ఎంతుంటాడే?" అని మా అత్త. మనిషి లేడత్తా, ఇనప చేతులే, డాక్టరు అవతల మూల కూర్చుని కుట్టుమిషను తొక్కినట్టు తొక్కుతూ వాటిని ఆడిస్తాడని చెప్పాను. నమ్మలేదు. నేను మాత్రం చూశానా, మత్తులో ఉన్నాను.

నేను కళ్ళు తిరిగి పడిపోవడమేంటి, పుట్టుకతోనే గుండెలో బొక్క ఉందనడమేంటి, తోడబుట్టినవాళ్ళకీ చూడాలని నిన్ను పడుకోబెడితే నీకూ అదే బొక్క దొరకడమేంటి! ఇప్పుడు తల్చుకున్నా ఎవరిదో కథలా ఉంది. కొత్త మిషను మీద ఒక్కరికే ఖాళీ ఉందని డాక్టరు అన్నప్పుడు నువ్వు నా మొహం కూడా చూడలేదు. "చెల్లికి చెయ్యండి సార్. నేను బెజవాడలో మామూలుగా కోయించుకుంటా" అన్నావు. భయపడి సరేనని తలూపాను అన్నయ్యా.

నీ రొమ్ము ఎముకని రంపంతో కోసి, మళ్ళీ తీగలతో కట్టారని వదిన ఫోనులో చెప్పింది. నిన్ను పిలవమంటే "రారమ్మా" అంది. నా మీద కోపమా?

నాకు పసుపు కార్డు ఒకటి ఇచ్చారు. వారానికోసారి ఆరు నిమిషాలు ఆగకుండా నడిచి, ఎంత దూరం పోయామో రాయాలి. గుండె, ఊపిరితిత్తులు ఎంత కోలుకున్నాయో అందులో తెలిసిపోతుందట. నీకూ అలాంటిదే ఇచ్చారని విన్నాను. చిన్నప్పుడు ఈతలో పందెం వేసుకునేవాళ్ళం కదా, ఇప్పుడు నడకలో వేసుకుందాం. నిన్న నాది 340. నీది రాయి.

మీ బావగారు నీకు నమస్కారం చెప్పమన్నారు. తిన్నగా మందులేసుకో.

నీ చెల్లెలు,
ఝాన్సీ


గిలకలదిండి,
7 మార్చి 2006.

ఝాన్సీకి,

మీ అన్న బతికే ఉన్నాడు. కోపం లేదు, గాడిదగుడ్డూ లేదు. ఆపరేషనులో గొంతులోకి గొట్టం దించారు. అది తీశాక నా గొంతు పోయింది. నాలుగు మాటలంటే మూడు గాలిలో కలిసిపోతున్నాయి. హార్బరు ఈ చివర కేకేస్తే ఆ చివర బోటు ఆగేది. ఇప్పుడు మంచినీళ్ళు కావాలంటే చెంబు మీద గరిటెతో కొడుతున్నాను, మీ వదిన పరిగెత్తుకొస్తోంది. ఈ గొంతుతో ఫోను ఎందుకు? కాగితమే నయం.

మూడు బంతుల డబ్బా నీకూ ఇచ్చారా? గొట్టం నోట్లో పెట్టుకుని బంతులు లేపాలి, అప్పుడు ఊపిరితిత్తులు తెరుచుకుంటాయి అన్నారు. నేను నాలుగు రోజులు ఊదాను. ఊదితేనేగా లేచేది అనుకున్నాను. పొయ్యి ఊదినట్టు ఊది ఊది కళ్ళలో నీళ్ళొచ్చాయిగానీ ఒక్క బంతీ కదల్లేదు. నా పని అయిపోయిందనుకున్నాను. అయిదో రోజు నర్సు చూసి "అయ్యో, ఊదడం కాదండీ, పీల్చాలి" అంది. వార్డు వార్డంతా నవ్వింది. నవ్వితే ఎముక నొప్పి, నేను నవ్వలేదు.

మూడు నెలలు చేతులు చాపకూడదు, తలకి పైన ఎత్తకూడదు, బిందె ఎత్తకూడదు. దగ్గొస్తే దిండు గుండెలకి హత్తుకుని దగ్గాలి. మీ వదిన కొండమ్మ దానికి ఎర్ర పూల గలీబు తొడిగింది. హార్బరుకి ఆ దిండుతోనే వెళ్తున్నాను. "సరంగు గారు పాపాయిని ఎత్తుకొచ్చారు" అంటున్నారు చేపల వేలం దగ్గర ఆడవాళ్ళు.

బోటు ఓనరు గోవర్ధనరావు గారు ఇంటికొచ్చి చూశారు. భూషణం తెలుసుగా, నా దగ్గరే పని నేర్చినవాడు, ప్రస్తుతానికి సరంగుగా బోటు అతనే నడుపుతున్నాడు. "వేట నిషేధం మొదలయ్యే రోజుకి ఒక మాట చెప్పవయ్యా అయ్యప్పా. జూన్ ఒకటిన చుక్కాని పట్టగలనంటే బోటు నీదే, ఇంకెవర్నీ అడగను" అన్నారు. మంచి మనిషి. పద్దెనిమిదేళ్ళుగా ఆ చుక్కాని నా చేతిలో ఉంది ఝాన్సీ. అది కాక నాకొచ్చిన పని లేదు, రావాలన్న కోరికా లేదు. ఏప్రిల్ పదిహేనుకి నేను మనిషిని కావాలి, అంతే.

పందెం అన్నావుగా. నాది 205. నీది 340 అని రాశావు, నిజమా, పెంచావా?

నువ్వు ఇప్పుడే రావొద్దు. ఈ దిండుతో నన్ను చూడొద్దు.

అయ్యప్ప


పాలకాయతిప్ప,
16 మార్చి 2006.

అన్నయ్యా,

దిండు సంగతి చదివి నవ్వాను, తర్వాత 205 చూశాను. అది సరిగ్గా రాశావా? మూడు రాయబోయి రెండు రాశావేమోనని ఉత్తరం వెలుగులో పెట్టి చూశాను. నా కార్డు వెనకాల అచ్చేసి ఉంది, ఆరో వారానికి మూడు వందలు దాటకపోతే డాక్టరుకి చూపించాలని. గుడివాడలో నెలకోసారి వచ్చే గుండె డాక్టరు దగ్గరికి వెళ్ళు. వాయిదా వెయ్యకు, నా మీద ఒట్టు.

నాది చెప్పాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. దాచడమెందుకు, నువ్వు సంతోషిస్తావు. మొన్నటితో ఆరు వారాలు దాటాయి, 410 వచ్చింది. నేనేమీ పెంచలేదు, మీ బావగారు వాచీ పట్టుకుని పక్కనే నడిచారు. మిషను ఎక్కి జాకెట్లు కుడుతున్నాను. బట్టలు తీగ మీద నేనే ఆరేస్తున్నాను. నిన్న అటక మీది బుట్ట నేనే దించితే అత్త కేకలేసింది. నువ్వు ఇచ్చిన ఖాళీ ఊరికే పోలేదు అన్నయ్యా, అది నీకు తెలియాలి.

కానీ నీ అంకె నన్ను తినేస్తోంది. వల లాగాలన్నా, చుక్కాని తిప్పాలన్నా బలం రావాల్సింది ఆ రొమ్ము ఎముక నుంచే. అది కోయించుకోవాల్సింది నేను. కూర్చుని జాకెట్లు కుట్టుకునేదాన్ని, నాకు కోస్తే ఏం పోయేది? ఆ మాట డాక్టరు ముందు తట్టలేదు. ఇప్పుడు రోజూ తడుతోంది.

గుడివాడ వెళ్ళు. వెంటనే రాయి.

ఝాన్సీ


గిలకలదిండి,
30 మార్చి 2006.

ఝాన్సీకి,

గుడివాడ వెళ్ళాను. బస్సులో ప్రతి గోతికీ దిండు వాటేసుకుని పోయాను. డాక్టరు గొట్టం పెట్టి విన్నాడు, ఫోటో తీశాడు, "బ్రహ్మాండంగా ఉంది, ఎముక అతుక్కుంటోంది, నడవండి" అన్నాడు. అందరికీ ఆ మాటే అంటాడు. నా ముందు వెళ్ళిన ముసలాయనకీ బ్రహ్మాండంగా ఉందనే అన్నాడు, ఆయన్ని ఇద్దరు మోసుకెళ్ళారు. కార్డు చూపించమన్నాడు. ఇంట్లో మర్చిపోయానన్నాను. జేబులోనే ఉంది. నీ 410 పక్కన నాది పెట్టుకుని చూశాక ఇంకొకళ్ళకి చూపించబుద్ధి కాలేదు.

నాలుగు వందల పది! ఒకే తల్లి కడుపున పుట్టాం, ఒకే రకం బొక్క, ఒకే నెలలో ఆపరేషను. తేడా రంపమొక్కటే. నువ్వు సంతోషిస్తావని రాశావు. సంతోషించాను, నీ మీద ఒట్టు. ఆ తర్వాత కోపమొచ్చింది. నీ మీద కాదు. ఎవరి మీదో తెలియట్లేదు, అందుకే ఇంకా ఎక్కువగా ఉంది. ఆ రోజు కొండమ్మ వండిన పులుసు ఉప్పెక్కువైందని గిన్నె తోసేశాను. ఉప్పు సరిగ్గానే ఉంది.

మొన్న నీ అంకె అందుకుందామని హార్బరులో జట్టీ మీద గబగబా నడిచాను. మూడో నిమిషానికి రొమ్ములో మంట, కళ్ళ ముందు నల్ల చుక్కలు. ఐసు పెట్టె మీద కూలబడ్డాను. వేలం ఆగిపోయింది. చేపలు చూడాల్సినవాళ్ళు నన్ను చూస్తున్నారు. భూషణం బోటు మీంచి దూకి వచ్చి "బావా, నీళ్ళు తాగు" అని నా తల పట్టుకున్నాడు. పద్దెనిమిదేళ్ళలో నా తల ఎవరూ పట్టుకోలేదు.

ఆరోగ్యంగా ఉన్న చెల్లెల్లో సగం మనిషిని. సగం మనిషి చేతిలో బోటు మీది ఏడుగురి ప్రాణాలు పెట్టొచ్చా? ఆలోచిస్తున్నాను.

బట్టలు తీగ మీద ఆరేసుకో, బుట్టలు దించుకో, అంతా మంచిదే. నీ అంకె మాత్రం ఇక నాకు రాయొద్దు.

అయ్యప్ప


పాలకాయతిప్ప,
12 ఏప్రిల్ 2006.

అన్నయ్యా,

నీ ఉత్తరం చదివి వారం రోజులు కలం పట్టలేదు. పడితే ఏడుపొస్తోంది. రాయొద్దన్నావు, అంకె రాయను. ఇన్నాళ్ళూ రాయనివి రాస్తాను.

నాకేదో పూలపాన్పు మీద ఆపరేషను జరిగిందని అనుకుంటున్నావు, తప్పు నాదే, మంచివే ఏరి ఏరి రాశాను. ఆ ఇనప చేతులు లోపల ఆడాలంటే చోటు కావాలని నా కుడి ఊపిరితిత్తిని గాలి తీసి పడుకోబెట్టారు. అది మళ్ళీ లేవడానికి వారం పట్టింది. మూడు బంతుల్లో మొదటిది కూడా లేవలేదు నాకు, పీల్చినా సరే! ఇప్పటికీ కుడి పక్కకి తిరిగి పడుకోలేను. ఆ పక్క చర్మం తిమ్మిరి, జాకెట్టు తగిలితే ఒకలా ఉంటుంది. తొడ దగ్గర కోత చీము పట్టి నెల రోజులు కారింది. ఇవేవీ నీకు రాయలేదు. నీ వంతు నాకిచ్చావు, బాగోలేదని ఏ మొహం పెట్టుకుని రాయను?

నా మాట విను. గోవర్ధనరావు గారికి ఇప్పుడే ఏమీ చెప్పకు. ఇంకో నెల గడువడుగు, మంచి మనిషేనని నువ్వే అన్నావు. నాకు ఇంకో అనుమానం కూడా ఉంది. నువ్వు ఎక్కడ నడుస్తున్నావు? జట్టీ మీద అయితే ఆ జనంలో, ఆ ఐసు తడిలో అడుగు సాగదు. దూరం ఎలా కొలుస్తున్నావు, ఎవరు కొలిచారు? దానికి జవాబు రాయి ముందు.

ఇక్కడ పడవలన్నీ ఒడ్డుకి లాగేశారు. మీ బావగారు పుచ్చకాయలు తెచ్చారు, నీకిష్టమని ఒకటి పక్కన పెట్టి, నువ్వు రావని గుర్తొచ్చి కోశాను.

ఝాన్సీ


గిలకలదిండి,
16 ఏప్రిల్ 2006.

ఝాన్సీకి,

నీ దగ్గర్నుంచి ఉత్తరం లేదు. నేను రాసిన తీరు అలాంటిది. ఇది కోపంతో రాస్తున్నది కాదు, పని అయిపోయాక రాస్తున్నది.

నిన్న నిషేధం మొదలైంది. బోట్లన్నీ కట్టేశాక గోవర్ధనరావు గారు వచ్చి నిలబడ్డారు. నేను బోటు ముక్కు మీద చెయ్యి పెట్టి, అందరూ వింటుండగా, "చుక్కాని భూషణానిది" అన్నాను. ఆ కాస్త గొంతూ సరిగ్గా పలకలేదు, రెండోసారి చెప్పాల్సి వచ్చింది. "తొందరేంటయ్యా, నిషేధం అయ్యేదాకా చూద్దాం" అన్నారాయన. వద్దన్నాను. బోటు మీద చెయ్యేసి అన్న మాట నాన్న ఏనాడూ వెనక్కి తీసుకోలేదు, నేనూ తీసుకోను. భూషణం ఏడ్చాడు. సరంగుగా రమ్మని తనని పిలిచిన నిజాంపట్నం బోటు వాళ్ళకి అదే రోజు రానని కబురు పంపేశాడు.

మూడు నెలల నడక మొన్న పదమూడున చేశాను, చివరిసారి. 262. నీ ఆరో వారానికి కూడా అందలేదు. నాన్న లోతు తాడు గుర్తుందా, సీసం గుండు కట్టి, బారకొక ముడి వేసినది? అదే జట్టీ మీద పరుచుకుని మొదట్నుంచీ నడుస్తున్నాను. ఇరవై బారల తాడు. ఈ చివర నుంచి ఆ చివరకి పదమూడు సార్లు, మీద రెండు ముళ్ళు. ఆ తాడు కూడా భూషణానికి ఇచ్చేద్దామనుకుంటున్నాను. లోతు చూపించే మిషను బోటులో ఉందిగానీ, సరంగు దగ్గర తాడు ఉండాలనేవాడు నాన్న.

కొండమ్మ మాట్లాడట్లేదు. నువ్వైనా రాయి.

అయ్యప్ప


పాలకాయతిప్ప,
21 ఏప్రిల్ 2006.

అన్నయ్యా, అన్నయ్యా, ఓరి నా పిచ్చి అన్నయ్యా!

బారలా? నువ్వు రాసినవన్నీ బారలా? నాన్న తాడుతో కొలిచి నా అంకె పక్కన పెట్టుకున్నావా? నావి మీటర్లు! ఆస్పత్రి వరండాలో మీటర్ల గీతలు వేసి నడిపించారు, ఇంటికొచ్చాక నా కుట్టు టేపుతోనే గట్టు మీద కొలుచుకున్నాను. అది రాయాలని నాకు తట్టలేదు, బారలని రాయాలని నీకు తట్టలేదు. నీది మీటర్లనే అనుకుని నేను ఏడుస్తూ కూర్చున్నాను. నాది బారలనుకుని నువ్వు చుక్కాని వదిలేశావు. ఇంతకన్నా తెలివితక్కువ ఇల్లు కృష్ణా జిల్లాలో ఉంటుందా?

నాన్న బార, అదే చేతులు రెండూ చాపితే ఆ పిడికిలి నుంచి ఈ పిడికిలి దాకా ఎంతో, నా దగ్గరుంది. నేను కుట్టిన ఆఖరి చొక్కా కొలతలు నా పుస్తకంలో ఉన్నాయి. భుజం పద్దెనిమిదిన్నర, చెయ్యి పిడికిలి దాకా ఒక్కోటీ ఇరవై అయిదు. పొట్టి చేతులు కుట్టబోతే చెయ్యి నిండుగా కుట్టమని తిట్టాడు, గుర్తుందా? మొత్తం అరవై తొమ్మిది అంగుళాలు అనుకో, మీటరూ ముప్పావు. మీ బావగారు లెక్క వేశారు, నేను మళ్ళీ వేశాను, పక్కింటి ట్యూషను మాస్టారితో వేయించాను.

మార్చిలో నీది 359 మీటర్లు. నాది 410. అవును, అప్పుడు నేను ముందున్నాను, మిషను మంచిదే, ఒప్పుకుంటున్నాను. ఇప్పుడు నీ 262 బారలంటే 458 మీటర్లు. రాయొద్దన్నావుగానీ రాస్తున్నాను, మొన్న నాది 466. ఎనిమిది మీటర్లు అన్నయ్యా! నాలుగున్నర బారలు! రంపంతో కోసిన గుండె, ఊపిరితిత్తులు మూడు నెలల్లో దాదాపు నన్ను అందుకున్నాయి. గుడివాడ డాక్టరు నిజమే చెప్పాడు.

ఈ ఉత్తరం అందిన క్షణం గోవర్ధనరావు గారి ఇంటికి వెళ్ళు. చెప్పులేసుకోకపోయినా ఫరవాలేదు. లెక్క తప్పయిందని చెప్పు. తప్పు లెక్క మీద ఇచ్చిన మాట మాటే కాదు.

ఝాన్సీ


గిలకలదిండి,
3 మే 2006.

ఝాన్సీకి,

నీ ఉత్తరాలు రెండూ అందాయి. ఎలా కొలుస్తున్నావని నువ్వడిగిన ఉత్తరం, నేను మాట ఇచ్చేసిన మర్నాడు, నీకు రాసి పోస్టులో వేసి వచ్చాక అందింది.

లెక్క సరిగ్గా ఉంది. కొండమ్మకి చదివి వినిపిస్తే లేచి వెళ్ళి నా కోసం చేపల పులుసు పెట్టింది, రెండు వారాల తర్వాత. ఆ వెంటనే నాకు చెప్పకుండా గోవర్ధనరావు గారి దగ్గరికి వెళ్ళి ఆ కాగితం చూపించింది. ఆయన మనిషిని పంపారు. భూషణం కూడా వచ్చాడు. "తీసేసుకో బావా, నేను ఏదో ఒక బోటు చూసుకుంటా" అన్నాడు. నిజాంపట్నం వాళ్ళు అప్పటికే వేరే మనిషిని పెట్టుకున్నారు. ఈ సీజనుకి అతనికి ఇంకో బోటు లేదు.

నేను తీసుకోలేదు. ఇచ్చిన మాట కోసమని అందరితో అన్నాను. నీకు మాత్రం అసలు సంగతి రాస్తాను, చదివి చింపేసెయ్.

నీ 410 చూసి కోపమొచ్చిందని రాశాను. దానితో పాటు ఇంకోటి కూడా వచ్చింది, అది రాయలేదు. హమ్మయ్య అనిపించింది. ఆస్పత్రిలో కళ్ళు తెరిచిన రోజు నుంచీ నాకు సముద్రమంటే భయంగా ఉంది ఝాన్సీ. కృష్ణ సముద్రంలో కలిసే చోట అల తిరగబడితే చుక్కాని రొమ్ముకి ఆనించి ఆపుతాం. అప్పుడు ఎముకకి కట్టిన ఈ తీగలు పట్టుమని తెగితే? వెనక ఏడుగురు ఉంటారు. ఈ మాట ఎవరికి చెప్పను? సరంగు భయపడ్డాడని ఎక్కడైనా విన్నావా? నీ అంకె దొరికింది. భయమని చెప్పక్కర్లేదు, బలం సగమే ఉందని చెప్తే చాలు.

ఇంకా ఒకటి. ఆపరేషనై ఆరు వారాలైన ఆడమనిషి ఆరు నిమిషాల్లో నాలుగు వందల పది బారలు ఎలా నడుస్తుంది? పరిగెత్తినా రాదు. పద్దెనిమిదేళ్ళు బారల్లో బతికినవాణ్ణి, ఆ మాత్రం తెలియదా? ఉత్తరం చదివిన పూటే ఎక్కడో గుచ్చుకుంది. ఒక్క మాట అడిగితే తేలిపోయేది. అడగలేదు. నువ్వు సగం మనిషివి అని నాకు ఎవరో ఒకరు చెప్పాలని చూస్తున్నాను, నువ్వు చెప్పావు.

కాబట్టి తప్పు లెక్కది కాదు. నువ్వు ఏడవొద్దు.

అయ్యప్ప


పాలకాయతిప్ప,
14 మే 2006.

అన్నయ్యా,

చింపలేదు. చింపను కూడా. ఏడవొద్దంటే ఆగుతుందా?

నువ్వు ఒప్పుకున్నావు కాబట్టి నేనూ ఒప్పుకుంటాను. 205 చూసి నేనెందుకు అడగలేదు? దిండు పట్టుకుని హార్బరంతా తిరుగుతున్న మనిషి ఆరు నిమిషాల్లో రెండు వందల మీటర్లేనా నడిచేదని అనుమానం రావాలిగా. రాలేదు. నీ వంతు తీసుకున్నందుకు ఇలా జరగాల్సిందేనని నా లోపల ఎవరో అన్నారు, నమ్మేశాను. నీకు భయం, నాకు తప్పు చేశానన్న దిగులు, ఇద్దరికీ కావాల్సిన అంకెలు దొరికాయి. ఏప్రిల్లో అడిగాను, అప్పటికి ఆలస్యమైంది.

నీ ఉత్తరం వచ్చాక ఒక పని చేశాను. ఆపరేషను తర్వాత నేను నీళ్ళలోకి దిగలేదు. సముద్రం గుమ్మంలో పెట్టుకుని మూడున్నర నెలలు పాదం తడవలేదు, అత్తకి పడిశం అని చెప్తూ వచ్చాను. నిన్న పొద్దున మీ బావగారి చెయ్యి పట్టుకుని మోకాళ్ళ దాకా దిగాను. అల వస్తే అరిచాను. అయినా నిలబడ్డాను. గొప్ప కోసం రాయట్లేదు, భయం నీ ఒక్కడి సొత్తు కాదని రాస్తున్నాను.

నువ్వింకా దిండు వదల్లేదని వదిన చెప్పింది. ఎముక అతుక్కుంది, మూడు నెలల గడువు దాటింది, చేతులు చాపొచ్చని గుడివాడ డాక్టరు రెండోసారి కూడా చెప్పాడట. నువ్వేమో చొక్కా కూడా ఆవిడతోనే తొడిగించుకుంటున్నావు. చుక్కాని సంగతి నేనిక ఎత్తను, అది నీకూ భూషణానికీ ఉన్న మాట. నాకు మాత్రం ఒకటి కావాలి. నా పుస్తకంలో నాన్న కొలత ఉంది, మీ బావగారిది ఉంది, నీది లేదు. ఎప్పుడూ బందరులో రెడీమేడు కొంటావు. నీ బార ఎంతో కొలిచి పంపు. వదిన కొలిచింది కాదు, నాన్నది కాదు, నీది.

ఝాన్సీ


గిలకలదిండి,
31 మే 2006.

చెల్లికి,

నీ ఉత్తరం పది రోజులు జేబులో పెట్టుకుని తిరిగాను. కొలత కావాలట! నా చేతులు చాపించడానికి పన్నిన ఎత్తని తెలుసు. చిన్నప్పుడు జామకాయ కోసం చెట్టెక్కించేదానివి ఇలాగే.

ఇవాళ పొద్దున జట్టీ మీదకి వెళ్ళాను. రేపటికి బోట్లన్నీ రంగులేసి సిద్ధంగా ఉన్నాయి. భూషణం కొత్త లోతు తాడు కట్టుకుంటున్నాడు. నాన్నది ఇస్తానంటే తీసుకోలేదు, "అది మీ ఇంట్లోనే ఉండాలి బావా, నాకు నువ్వు బార వేసి ఇవ్వు" అన్నాడు. కొత్త సరంగు తాడుకి పని నేర్పిన సరంగే బార వెయ్యడం మా పద్ధతి, మనిషిని బట్టి లోతు మారకూడదని. అతనికి నా బారలోనే లోతు తెలుసు, నా దగ్గరేగా నేర్చింది.

దిండు కొండమ్మకి ఇచ్చాను. తాడు కొస ఎడం పిడికిట్లో పట్టుకుని కుడి చెయ్యి లాగాను. సగం దాకా బాగానే వచ్చింది. అక్కడ్నుంచి ఎముక లోపల ఎవరో పట్టుకు లాగినట్టు ఉంది. ఆగాను. ఆపేద్దామనుకున్నాను. వేలం దగ్గర ఆడవాళ్ళు చూస్తున్నారు, దిండు నా పెళ్ళాం చంకలో ఉంది. కళ్ళు మూసుకుని లాగాను. టక్కుమంది. అంతే, పోయానని కూర్చోబోయాను. ఏమీ పోలేదు. చేతులు రెండూ బారగా చాపి నిలబడి ఉన్నాను. ఊపిరి లోపలికి పోతూనే ఉంది, జనవరి నుంచి అంత లోతుకి పోలేదు. ఆ డబ్బా ఉంటే మూడు బంతులూ లేచేవి. నాకు ఏడుపొచ్చింది, అందరి ముందూ ఏడ్చాను. మీ వదిన దిండుతో నా మొహం తుడిచింది.

ఇరవై ముళ్ళు వేశాను. పదిహేనో ముడి దగ్గర నొప్పి మొదలైంది, ఆగి ఆగి వేశాను.

భూషణం ఒక మాటన్నాడు. "రేపు రా బావా. వల లాగొద్దు, చుక్కాని పట్టొద్దు. తాడు పట్టుకుని లోతు చెప్పు చాలు. కృష్ణ కలిసే చోట నాకూ భయమేగా." అతనికి భయమని నాకు ఇన్నేళ్ళూ తెలియదు. నేను అడగలేదు, అతను చెప్పలేదు. గోవర్ధనరావు గారు సరేనన్నారు. రేపు తెల్లారాక ముక్కు మీద కొబ్బరికాయ భూషణం కొడతాడు, పద్దెనిమిదేళ్ళ తర్వాత నేను వెనక నిలబడతాను. బాధగా లేదని రాస్తే అబద్ధం. భయం పోయిందని రాసినా అబద్ధమే. గొంతు ఇంకా సరిగ్గా రాలేదు, లోతు చెప్తే చుక్కాని దాకా వినబడుతుందో లేదో చూడాలి. వినబడకపోతే చెంబూ గరిటే పట్టుకెళ్తాను.

వచ్చే ఆదివారం నువ్వూ బావగారూ రండి. పుచ్చకాయ తీసుకురా.

ఈ కవర్లో సన్న తాడు ముక్క ఒకటి మడిచి పెట్టాను. రెండు ముళ్ళ మధ్య ఉన్నది నా బార, పొద్దున మొదట చాపినది. నాన్న ముడి పక్కన పెట్టి చూశాను, రెండు వేళ్ళు తక్కువొచ్చింది. నీ పుస్తకంలో నాన్న కొలత కింద రాసుకో. అంగుళాల్లో రాస్తావో మీటర్లలో రాస్తావో నీ ఇష్టం. అంకె పక్కన అది ఏ కొలతో మాత్రం రాయి.

మీ అన్న,
అయ్యప్ప